ఓటు ఈ రాష్ట్రంలో, ఫోన్ ఆ రాష్ట్రంలో

గుణుపురం నుంచి ఒక టీచరుగారు అడిగిన ప్రశ్న ఇది. "మాది మూడు తరాల క్రితం ఒడిశాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబం. మా ఓట్లన్నీ ఇక్కడే. అయినా 2024 ఎన్నికల తర్వాత ఆంధ్ర పార్టీల గొడవతో మా కుటుంబం వాట్సాప్ గ్రూపు రెండుగా చీలిపోయింది. పాలకొండలో ఉండే మా బావగారికీ నాకూ మాటల్లేవు. ఈమధ్య ఆంధ్ర, ఒడిశా రెండూ తమవేనంటున్న కొటియా పల్లెల మీద నేను పంపిన ఒక వీడియో చూసి, ఎన్నో ఏళ్ళుగా నాతో ఒకే బడిలో పనిచేస్తున్న ఒడియా మిత్రుడు కూడా దూరం జరిగాడు. ఇదంతా సోషల్ మీడియా వల్లేనా? గ్రూపుల్లోంచి బయటికి వచ్చేస్తే సరిపోతుందా?"

మాది పర్లాకిమిడి. గజపతి, రాయగడ జిల్లాల వార్తలు తెలుగు పత్రికలకు రాసి రిటైరయ్యాను. ఒడియా చదవడం, రాయడం వచ్చు కాబట్టి రెండు భాషల గ్రూపుల్లోనూ ఉంటాను. కళ్ళారా చూసినదానికి, ఈ విషయం మీద జరిగిన పరిశోధనల్లో చదివినదాన్ని జోడించి చెబుతాను.

మీ మొదటి ప్రశ్నకు జవాబు: తప్పంతా ఫోన్‌ది కాదు. రెండోదానికి: ఊరికే బయటికి వచ్చేస్తే సరిపోదు, ఎటునుంచి బయటికి వస్తున్నారన్నదాన్ని బట్టి కొంత నష్టం కూడా జరగొచ్చు. కారణాలు చెప్పాలంటే కాస్త పొడుగవుతుంది, ఓపికగా చదవండి.

ముందు ఫోన్‌కు సంబంధం లేనిదాన్ని పక్కన పెడదాం. మన వైపు భాష పేరుతో, హద్దుల పేరుతో తగవులు ఎప్పటినుంచో ఉన్నాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి ఎస్టేటునే రెండుగా కోశారు. పట్నం ఇటు వచ్చింది, కొన్ని ఊళ్ళు అటు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండిపోయాయి. కొటియా పల్లెల మీద ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్ళింది 1968లో. 2006లో ఆ కేసు ముగిసినా హద్దు మాత్రం తేలలేదు. వంశధార నీళ్ళ తగవుకు 2010లో ట్రిబ్యునల్ వేస్తే, నేరడి బ్యారేజీ కట్టుకోవచ్చని 2017లో తీర్పు వచ్చింది. వీటిలో వేటినీ వాట్సాప్ పుట్టించలేదు.

పరిశోధనలు కూడా ఇంత సులువుగా ఫోన్‌ను దోషిగా నిలబెట్టవు. అమెరికాలో రాజకీయ విభజన ఎవరిలో ఎక్కువగా పెరిగిందో ముగ్గురు ఆర్థికవేత్తలు లెక్కతీసి 2017లో ప్రచురించారు. ఇంటర్నెట్ అందరికంటే తక్కువగా వాడే పెద్ద వయసువాళ్ళలోనే అది ఎక్కువగా పెరిగిందని తేలింది. వాళ్ళు చూసేది టీవీ. 2020 అమెరికా ఎన్నికల సమయంలో ఫేస్‌బుక్ సంస్థతో కలిసి విశ్వవిద్యాలయాల పరిశోధకులు మూడు నెలలపాటు ప్రయోగాలు చేశారు. కొందరికి ఫీడ్‌ను కాలక్రమంలో చూపించారు, ఇంకొందరికి షేర్ చేసిన పోస్టులే రాకుండా ఆపారు, మరికొందరికి సొంత పక్షపు పోస్టులు తగ్గించారు. ఆ ఫలితాలు 2023 జులైలో వచ్చాయి. జనం చూసినవి మారాయి గానీ అభిప్రాయాలు చెప్పుకోదగ్గంతగా మారలేదు. ఏళ్ళ తరబడి గట్టిపడ్డది మూడు నెలల్లో కరగకపోవడంలో వింతేమీ లేదని నా అభిప్రాయం. అయినా "అల్గారిథం (ఎవరికి ఏ పోస్టు చూపించాలో తేల్చే లెక్క) మార్చేస్తే అందరూ మంచివాళ్ళైపోతారు" అనేవాళ్ళు ఈ ఫలితాన్ని గుర్తుపెట్టుకోవాలి.

మరి ఫోన్ చేస్తున్నదేమిటి? నాకు అర్థమైనంతలో అది కొత్త అభిప్రాయాన్ని మనకు నూరిపోయడం తక్కువ. ఎవరి గొంతు మన చెవిన పడాలో నిర్ణయించడం ఎక్కువ. ఫేస్‌బుక్ 2017లో ఎమోజీ స్పందనలకు లైక్ కంటే అయిదు రెట్లు విలువ కట్టింది. కోపపు ముఖం కూడా ఆ లెక్కలోదే. అంటే జనానికి ఒళ్ళు మండించే పోస్టు ఇంకా ఎక్కువమంది ముందుకు వెళ్ళేది. కోపానికి అలాంటి విలువ ఇవ్వడం పూర్తిగా మానేసింది 2020లో. సంస్థ లోపలి కాగితాలు 2021లో బయటపడ్డాకే ఈ సంగతి లోకానికి తెలిసింది. ఆ మధ్యలో మన దగ్గర ఎన్ని ఎన్నికలు జరిగాయో మీరే లెక్కపెట్టుకోండి. 2021లోనే వచ్చిన ఇంకో అధ్యయనంలో అమెరికా రాజకీయ నాయకులు, వార్తాసంస్థలు పెట్టిన 27 లక్షల పోస్టులను పరిశీలించారు. పోస్టులో అవతలి పక్షాన్ని గురించిన మాట ఒక్కటి చేరినా అది షేర్ అయ్యే అవకాశం 67 శాతం పెరిగింది. మన నాయకుడి మంచి పని కంటే అవతలివాడి తప్పే ఎక్కువ దూరం పోతుందన్నమాట. ప్రతి పార్టీకీ జీతాలిచ్చి నడిపే సోషల్ మీడియా విభాగం ఉంది. ఈ లెక్క వాళ్ళకు మనకంటే బాగా తెలుసు.

వాట్సాప్‌లో అల్గారిథం లేదు కదా అంటారు కొందరు. నిజమే, అక్కడ ఎంపిక చేసేది మన చుట్టాలూ స్నేహితులే. ప్రమాదం అందులోనే ఉంది. టీవీలో ఎవరో యాంకర్ అరిస్తే ఆ మాటకు మనం ఇచ్చే విలువ వేరు, చిన్నాన్న పంపితే ఇచ్చే విలువ వేరు. 2018 జులై 1న మహారాష్ట్ర ధులే జిల్లా రాయిన్‌పాడాలో, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారన్న వదంతిని నమ్మి, భిక్షాటన చేసుకు బతికే సంచార జాతివాళ్ళను అయిదుగురిని కొట్టి చంపారు. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి పెట్టింది. 2020 ఏప్రిల్‌లో, చాలాసార్లు ఫార్వర్డ్ అయిన సందేశాన్ని ఒక్కసారికి ఒక్క చాట్‌కే పంపేలా చేసింది. దాంతో అలాంటి సందేశాలు 70 శాతం తగ్గాయని ఆ సంస్థే చెప్పింది. మెసేజ్ మీద రెండు బాణాల గుర్తు కనిపిస్తే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. గ్రూపులో కొత్తగా చేరే ప్రతివాళ్ళకూ నేను ముందు చూపించేది ఆ గుర్తే.

రాయిన్‌పాడా సంగతి ఊరికే ఎత్తలేదు. చనిపోయినవాళ్ళు ఆ ఊరివాళ్ళు కాదు, ముఖపరిచయం లేనివాళ్ళు. మన సరిహద్దు ఊళ్ళలో అటువాళ్ళు ఇటు, ఇటువాళ్ళు అటు రోజూ తిరుగుతుంటారు. మంచాలమ్మేవాళ్ళు, చీరలమ్మేవాళ్ళు, జీడితోటల్లో కూలికి వెళ్ళేవాళ్ళు అందరూ ఎక్కడో ఒకచోట పరాయి యాసవాళ్ళే. వదంతి అన్నది అందరూ ఎరిగినవాళ్ళే ఉన్న ఊళ్ళో పరువు తీస్తే, మనలాంటి చోట ప్రాణం మీదికి తెస్తుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ విషయం మీద దేశంలో జరిగే చర్చంతా రెండు పార్టీల మధ్య చీలిక గురించే. మన దగ్గర ఫోన్ ఇంకో పని చేస్తోంది, దాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. అది మనల్ని భాషను బట్టి వేరు చేస్తోంది. మీరు తెలుగులో చూస్తారు కాబట్టి యూట్యూబ్ మీకు విజయవాడ, హైదరాబాద్ చూపిస్తుంది. మీ పక్కింటి ఒడియా కుటుంబానికి భువనేశ్వర్, కటక్ చూపిస్తుంది. ఇద్దరి ఇళ్ళకూ ఒకే కుళాయి నీళ్ళు, ఇద్దరి పిల్లలకూ ఒకే బడి. కానీ పొద్దున లేచాక ఇద్దరూ చూసే లోకాలకు పొంతన లేదు.

2024 మే 13 దీనికి మంచి ఉదాహరణ. ఆంధ్రలో అసెంబ్లీకీ లోక్‌సభకూ ఆ రోజే పోలింగ్. మన కొరాపుట్, బరంపురం లోక్‌సభ స్థానాలకూ, వాటి కిందున్న అసెంబ్లీ స్థానాలకూ అదే రోజు. పర్లాకిమిడిలో నేను ఉన్న ఒక తెలుగు వ్యాపారుల గ్రూపులో పొద్దున ఏడు నుంచి సాయంత్రం వరకూ వచ్చిన మెసేజులన్నీ పాతపట్నం, టెక్కలి, పిఠాపురం, పులివెందుల గురించే. ఏ బూత్‌లో క్యూ ఎంత ఉంది, ఎవరు ఎవరిని కొట్టారు, ఎవరికి ఎన్ని సీట్లు. మధ్యాహ్నం ఒకాయన, మన వార్డు బూత్‌లో వృద్ధులకు కుర్చీలు లేవు, ఎవరైనా చూడండి అని పెట్టారు. దానికి ఒక్కరు కూడా జవాబివ్వలేదు. పై నుంచి వచ్చిపడిన వీడియోల కింద ఆ మెసేజు కొట్టుకుపోయింది. జూన్‌లో ఫలితాలు వచ్చాయి. ఆంధ్రలో కూటమికి 164 సీట్లు. ఒడిశాలో బీజేపీకి 78, బీజేడీకి 51, అంటే ఇరవై నాలుగేళ్ళ తర్వాత ప్రభుత్వం మారింది. మన రేషను కార్డునూ, మన ఆసుపత్రినీ, మన పిల్లల ఉద్యోగాలనూ తాకే మార్పు ఇది. ఆ గ్రూపులో దీని గురించి రెండు మూడు మాటలకు మించి రాలేదు. ఆంధ్ర ఫలితాల మీద మాత్రం వారం రోజులు తిట్టుకుని నలుగురు గ్రూపు వదిలిపోయారు. ఆ నలుగురిలో ఒక్కరికీ ఆంధ్రలో ఓటు లేదు.

ఈ అరువు తెచ్చుకున్న గొడవ సొంత గొడవ కంటే వేడిగా ఎందుకుంటుందో చాలాకాలం ఆలోచించాను. పాలకొండలో ఉన్న మీ బావగారు ఏ పార్టీవారైనా, రేపు పింఛను కోసమో భూమి కాగితం కోసమో అవతలి పార్టీ మనిషి గడప తొక్కాల్సి వస్తుంది. వీధిలో ఎదురుపడితే నమస్కారం పెట్టాలి, పెళ్ళికి పిలవాలి. అందుకని ఆయన నోటికి ఒక అదుపు ఉంటుంది. గుణుపురంలో కూర్చున్న మనకు ఆ అవసరం లేదు. మనకు ఆంధ్ర రాజకీయమంటే తెర మీద కనిపించేదే. అందులో పొరుగువాడు లేడు, వీరుడూ విలనూ మాత్రమే ఉన్నారు. హైదరాబాద్‌లో, అమెరికాలో ఉండి తిట్టుకునే మనవాళ్ళను చూడండి, ఇదే లెక్క.

ఇంకో సంగతి. మన పిల్లలు చాలామంది ఒడియా లేదా ఇంగ్లిష్ మీడియంలో చదువుతున్నారు. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతారు, అక్షరాలు మాత్రం రావు. వాళ్ళకు తెలుగు రాజకీయం అందేది రీల్స్, షార్ట్స్ రూపంలోనే. పేపరు చదివే తండ్రికి కనీసం ఒక వార్త మొదలూ చివరా తెలుస్తాయి. పిల్లవాడికి తెలిసేది అరనిమిషం ముక్క. తాతల నాటి భాష మీద ప్రేమతో వాళ్ళు చూస్తున్నది ఆ ముక్కనే. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

ఇప్పుడు కొటియా. పొట్టంగి బ్లాకులో, సాలూరు వైపు హద్దులో ఉన్న 21 పల్లెల తగవు ఇది. 2021 ఫిబ్రవరిలో ఆంధ్ర అక్కడ కొన్ని ఊళ్ళలో పంచాయతీ ఎన్నికలు పెట్టడం, ఒడిశా కోర్టు ధిక్కారమంటూ సుప్రీంకోర్టుకు వెళ్ళడంతో మళ్ళీ రాజుకుంది. ఆ తర్వాత ఏ అధికారి అటు వెళ్ళినా ఒక వీడియో పుడుతోంది. అలాంటి ఒకదాన్ని నేను దగ్గరగా పరిశీలించాను. ఒకే రోజు నా తెలుగు గ్రూపులో వచ్చింది, ఒడియా రిటైర్డు టీచర్ల గ్రూపులోనూ వచ్చింది. తెలుగులో శీర్షిక, మన అధికారుల మీద ఒడిశా పోలీసుల దౌర్జన్యం. ఒడియాలో శీర్షిక, మన పల్లెలోకి ఆంధ్ర అధికారుల చొరబాటు. రెండూ ఒకే జీపు, ఒకే చింతచెట్టు, అవే ముఖాలు. తేడా కోతలో ఉంది. తెలుగు ముక్క మొదలయ్యేది పోలీసు చెయ్యి ఎత్తిన దగ్గర. అంతకు ముందు ఆంధ్ర ఉద్యోగి వేలు చూపిస్తూ అరిచింది అందులో లేదు. ఒడియా ముక్కలో ఆ అరుపు ఉంది, తర్వాత పోలీసు ఆయన ఫోన్‌ను తోసింది లేదు.

పొట్టంగి వైపు తెలిసినవాళ్ళను అడిగితే పూర్తి వీడియో దొరికింది. చివర్లో, రెండు గ్రూపుల్లోనూ రాని భాగంలో, ఆ ఊరి ఆడవాళ్ళు నలుగురు ఇద్దరు అధికారులకూ అడ్డంగా నిలబడి అక్కడి ఆదివాసుల కువి భాషలో, ఒడియాలో, తెలుగులో కలగలిపి అడుగుతున్నారు: మీరు బోర్డులు పీక్కోండి, పెట్టుకోండి, రోడ్డు ఎప్పుడు వేస్తారు? దానికి ఇద్దరి దగ్గరా సమాధానం లేదు. ఆ ఊరికి సంబంధించిన అసలు ప్రశ్న అదొక్కటే. రెండు భాషల్లోనూ కోసి పారేసింది దాన్నే. అందులో ఎవరినీ తిట్టడానికి వీల్లేదు కాబట్టి అది షేర్ కాదు.

మీరు పంపింది ఈ వీడియోనో ఇలాంటిదో నాకు తెలియదు. మీ మిత్రుడు బాధపడింది మాత్రం కొటియా ఎవరిదన్న విషయం మీద కాదని అనుకుంటున్నాను. 2024 ఎన్నికల్లో ఒడియా అస్మిత, అంటే ఒడియా ఆత్మగౌరవం, అన్న మాట ఎంత బలంగా వినిపించిందో మీకు గుర్తుంది. అప్పుడు మనలాంటి కుటుంబాలకు గుండెల్లో కాస్త గుబులు పుట్టింది, మనం ఇక్కడివాళ్ళం కాదంటారేమోనని. మీ వీడియో కింద ఉన్న "వీళ్ళు ఇంతే" తరహా కామెంట్లు చదివినప్పుడు ఆయనకూ అలాంటిదే కలిగి ఉంటుంది. ఇన్నేళ్ళు పక్కన కూర్చున్న మనిషి తనను "వీళ్ళు" అన్న గుంపులో కలిపేశాడని.

ఇక గ్రూపులు వదిలేయడం. 2018లో అమెరికా మధ్యంతర ఎన్నికల ముందు కొంతమందికి డబ్బిచ్చి నాలుగు వారాలు ఫేస్‌బుక్ ఆపించారు. వాళ్ళ మనసు కాస్త కుదుటపడింది, విధానాల మీద అభిప్రాయ భేదాలు కాస్త తగ్గాయి, వార్తల పరిజ్ఞానం కూడా తగ్గింది. ఇది చదివి వదిలేయడమే మంచిదనుకుంటాం. కానీ 2019లో బోస్నియాలో, స్రెబ్రెనిత్సా మారణహోమం సంస్మరణ రోజుల్లో, ఇలాగే ఒక వారం ఫేస్‌బుక్ ఆపించి చూశారు. పాత యుద్ధంలో జాతులుగా విడిపోయి చంపుకున్న దేశం అది. అక్కడ ఆపినవాళ్ళకు అవతలి జాతి మీద అభిప్రాయం మెరుగుపడలేదు, ఇంకా పాడైంది. ముఖ్యంగా చుట్టూ సొంత జాతివాళ్ళే ఉన్నవాళ్ళలో. బహుశా ఫోన్ పక్కన పెట్టి వాళ్ళు వెళ్ళి కూర్చున్నది తమవాళ్ళ మధ్యే కాబట్టి కావచ్చు.

మనం పట్టుకోవాల్సింది ఈ రెండో ఫలితాన్ని. ఫోన్ ఆపేశాక ఎక్కడికి వెళ్తారన్నదే అసలు ప్రశ్న. మీరు ఒడియా మిత్రుడున్న స్టాఫ్ గ్రూపు వదిలేసి తెలుగు సంఘం గ్రూపులో మిగిలిపోతే, ఊరట ఉంటుంది గానీ చీలిక పెరుగుతుంది. వదలాల్సి వస్తే వదలాల్సింది తెలుగులో ఆంధ్ర పార్టీల కోసం నడిచే గ్రూపుల్ని. రెండు భాషలవాళ్ళూ కలిసి ఉన్న ఏ గ్రూపునూ వదలొద్దు, ఎంత చిరాకు పుట్టినా సరే. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను.

అవతలివాళ్ళ వాదన కూడా వినాలి కదా అని కొందరు ప్రత్యర్థి పార్టీ పేజీలను ఫాలో అవుతారు. మంచి ఉద్దేశమే, కానీ ఫలితం తిరగబడుతుంది. 2018లో ప్రచురించిన ఒక ప్రయోగంలో ట్విట్టర్ వాడే అమెరికన్లకు నెలరోజులు అవతలి పక్షం నాయకుల, మేధావుల పోస్టులు చూపిస్తే, రిపబ్లికన్ పార్టీవాళ్ళు తమ అభిప్రాయాల్లో ఇంకా బిగుసుకున్నారు. గొంతు చించుకునేవాళ్ళను ఎక్కువగా వింటే అవతలివాళ్ళంతా అలాంటివాళ్ళేననిపిస్తుంది. మీకు కావలసింది అవతలి పార్టీ కాదు, పక్కింటివాళ్ళ మామూలు వార్త. ధరిత్రి, సంబాద్, సమాజ లాంటి పేపర్లలో జిల్లా పేజీ ఒకటి రోజూ చూడండి. గుణుపురం ఆసుపత్రిలో డాక్టరు లేడన్న వార్త చదవడానికి పది నిమిషాలు పడుతుంది. మీ మిత్రుడితో మాట్లాడటానికి దానికి మించిన విషయం ఉండదు.

ఆయన దగ్గరికి ఇంటికే వెళ్ళండి. గ్రూపులో క్షమాపణ పెట్టొద్దు, దాని కింద మళ్ళీ నలుగురు చేరతారు. కొటియా ఎవరిదన్న చర్చలోకీ దిగొద్దు, అది మీరిద్దరూ తేల్చేది కాదు. ఆ వీడియో ముక్క మాత్రమేనని తెలియక పంపానని, దాని కింద వచ్చిన మాటలు నావి కావని చెప్పండి. ఒడియాలోనే చెప్పండి. ఆయనకు తెలుగు అర్థమైనా సరే.

బావగారి విషయం సులువు, ఎందుకంటే అక్కడ తగ్గాల్సింది మీరు. ఆ రాష్ట్రంలో ఎవరు గెలిచినా, ఓడినా ఆ కష్టసుఖాలు ఆయనవి. "బావగారూ, అక్కడ ఓటు మీది, మీకు తెలిసినంత నాకు తెలియదు" అని ఒక ఫోన్ కొట్టండి. పార్టీ గురించి కాకుండా ఆ ఊళ్ళో ఈ సంవత్సరం కాలవ నీళ్ళు ఎలా వచ్చాయో, ధాన్యం డబ్బులు పడ్డాయో లేదో అడగండి. ఆయన పార్టీ వాదనల కంటే నిజమైన సంగతులు అప్పుడే వింటారు. తెలుగు టీవీల్లో, యూట్యూబ్ చానళ్ళలో ఏది ఏ పార్టీదో చూసే ప్రతివాడికీ తెలుసు, అక్కడ దొరకనివి ఇవే.

సోషల్ మీడియాను పూర్తిగా చెడ్డదిగా నేను చూడను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను చిదిమేసినప్పుడు, కరెంటు పోయి టవర్లు ఒక్కొక్కటీ ఆగిపోతున్నా, మిగిలిన సిగ్నల్‌తో మా ఊరి గ్రూపు ఎంత పని చేసిందో చూశాను. పాతపట్నం రోడ్డు మీద చెట్లు ఎక్కడ పడ్డాయో తెలుగువాళ్ళు పెడితే, మోహన వైపు ఏ వంతెన తెగిందో ఒడియావాళ్ళు పెట్టారు. ఎవరు ఏ భాషలో రాశారని ఎవరూ చూడలేదు. తెలుగు లిపి రానివాళ్ళ కోసం కుర్రాళ్ళు వాయిస్ మెసేజులు చేసి పెట్టారు. అదే గ్రూపు, అవే ఫోన్లు. ఆ రోజుల్లో మాట్లాడింది మన ఊరి గురించి కాబట్టి పని జరిగింది.

అందుకే గ్రూపు నడిపేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే నియమం: ఊరి విషయాలకే గ్రూపు. ఏ పార్టీ గురించైనా మాట్లాడొచ్చు, అది మన వార్డులో, మన బ్లాకులో చేసిన పని గురించైతే. తిట్టుకోవద్దని మాత్రమే నియమం పెడితే నిలవదు, ఏది తిట్టో తేల్చలేక అడ్మిన్ అలసిపోతాడు. ఊరి సంగతా కాదా అన్నది ఎవరైనా చెప్పగలరు. రాయగడ రైల్వే డివిజన్ విషయం ఊరి సంగతే. 2019లో వాల్తేరు రైల్వే డివిజన్‌ను విడదీసి రాయగడ డివిజన్ చేస్తామన్నప్పుడు విశాఖ వైపు గ్రూపుల్లో, మన వైపు గ్రూపుల్లో ఒకరి మీద ఒకరు ఎన్ని మాటలు అనుకున్నారో చూశాం. 2025 జనవరిలో రాయగడలో శంకుస్థాపన జరిగాక, పిల్లలకు ఏ ఉద్యోగాలు వస్తాయి, గుణుపురం లైనుకు ఏ రైళ్ళు వస్తాయి అని మాట్లాడుకున్న గ్రూపులో మాత్రం ఎవరూ ఎవరినీ దూరం చేసుకోలేదు.

చట్టం సంగతి కూడా అడ్మిన్లు తెలుసుకోవాలి. సభ్యుడు పెట్టిన పోస్టుకు, అందులో తన పాత్ర లేనప్పుడు, అడ్మిన్‌ను నేరస్తుణ్ణి చేయలేమని బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచ్ 2021లో చెప్పింది. కాబట్టి భయంతో గ్రూపులు మూసేయక్కర్లేదు. పెట్టినవాడికి మాత్రం రక్షణ లేదు. భాష పేరుతో, పుట్టిన చోటు పేరుతో, నివాసం పేరుతో వర్గాల మధ్య శత్రుత్వం రెచ్చగొట్టడం భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షన్ కింద నేరం. కొటియా వీడియోలకు ఘాటు శీర్షికలు తగిలించే కుర్రాళ్ళకు ఈ ఒక్కటి చదివి వినిపించండి.

ఒడిశాలో గత పంచాయతీ ఎన్నికలు 2022 ఫిబ్రవరిలో జరిగాయి, గడువు అయిదేళ్ళు. ఈసారి రీల్స్, కృత్రిమ మేధతో చేసిన గొంతులు పంచాయతీ స్థాయికి కూడా వస్తాయి. సర్పంచ్ అభ్యర్థి తెలుగువాడా ఒడియావాడా అన్న ప్రచారం కొన్ని పంచాయతీల్లో తప్పకుండా మొదలవుతుంది. మీ బడి గ్రూపైనా, వీధి గ్రూపైనా నియమం పెట్టుకోవాల్సింది నామినేషన్లకు ముందే, తెలుగు అడ్మిన్ ఒకరు, ఒడియా అడ్మిన్ ఒకరు కలిసి, రెండు భాషల్లోనూ రాసి. నామినేషన్లు పడ్డాక పెడితే ప్రతి నియమమూ ఎవరో ఒక అభ్యర్థికి వ్యతిరేకంగా పెట్టినట్టే కనిపిస్తుంది, ఎవరూ పాటించరు.